కాల్చని కుండలు

మావయ్య పోయాక ఆయన పని పాడైపోకుండా చూడాలని అందరికంటే ఎక్కువ హడావుడి పడింది నేనే. ఆ పనికి అందరికంటే ఎక్కువ చేటు తెచ్చిందీ నేనే. తప్పు ఒప్పుకోవడానికి మొహమాటపడే వయసు దాటిపోయింది కాబట్టి ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మావయ్య అంటే మా అమ్మకు అన్న. సుంగై పెటాని ఊరి చివర, ఒకప్పుడు రబ్బరు చెట్లుండి ఇప్పుడు ఒకే అచ్చులో పోసినట్టు ఇళ్లు లేచిన చోట ఆయన ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డు. షెడ్డులో కుండలు చేసే సారె, నేలలో తవ్విన మట్టి గుంట, పెరట్లో వాటిని కాల్చడానికి ఇటుకలతో కట్టిన ఆవం. మా ముత్తాత రబ్బరు తోటలో పాలు గీయడానికి ఓడెక్కి ఈ దేశం వచ్చినవాడే అయినా, చేతిలో ఉన్న విద్య మాత్రం కుండలది. పొద్దున్న చెట్లు గీసి వచ్చి, మధ్యాహ్నం నుంచి మట్టి తొక్కేవాడట. ఆయన నుంచి తాతకు, తాత నుంచి మావయ్యకు ఆ పని వచ్చింది. తమిళులకు పొంగలి కుండలు, దీపావళికి ప్రమిదలు, చీనా వాళ్లకు మందులు కాచుకునే పిడి కుండలు, అడిగినవాళ్లకు పూలతొట్లు, అన్నీ చేసేవాడు. మావాళ్లకు మాత్రం అరివేణి కుండలు చేసేవాడు.

అరివేణి అంటే పెళ్లి కుండలు. సున్నం పూసి, ఎర్రని పచ్చని గీతలు దిద్ది, మండపంలో పెడతారు. వాటిని కొట్లో కొని తెచ్చుకోరు. ఆడపెళ్లివారు మేళంతో కుమ్మరి ఇంటికి నడిచి వెళ్లి, బియ్యం, పసుపు, తాంబూలం, కొత్త బట్ట పెట్టి, ఆయన చేతుల మీదుగా అందుకుని తీసుకురావాలి. చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఏ పెళ్లయినా మేళం మావయ్య ఇంటికే వచ్చేది. ఆ రోజు అత్త పొద్దున్నే వాకిలి కడిగి, ముగ్గు పెట్టి, ఎవరూ అడగకపోయినా పది మందికి కాఫీ కాచి ఉంచేది. ఆ ఇంటికి మేళం రావడమే ఆమెకు పండగ.

బడి సెలవులు ఇవ్వగానే నన్ను ఆ ఇంట్లో దించేసేవాళ్లు. మావయ్య మనుషులతో కంటే మట్టితోనే ఎక్కువ మాట్లాడేవాడు. కర్రతో సారె తిప్పి వదిలి, అది గిర్రున తిరుగుతుంటే ముద్ద మీద చేతులు వేసి, "రా, రా, పైకి రా, ఎందుకే ఆ బద్దకం?" అని బుజ్జగించేవాడు. నేను ఒక మూల కూర్చుని ఆరిన ప్రమిదలన్నిటినీ పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస సర్దేదాన్ని. ఒక్కటి వంకరగా ఉన్నా లేచి వెళ్లి సరిచేసేదాన్ని. ఆయన అది చూసి, "ఏటి గుమస్తా, అన్నీ బారులు తీరినాయా?" అనేవాడు. ఆ ఇంట్లో నా పేరు గుమస్తాగానే స్థిరపడింది.

పేరుకు తగ్గట్టే పెరిగాను. ఇప్పుడు దూరంగా దక్షిణాన సైబర్‌జయలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఇంకొకరు చేసిన పనిని వివరంగా రాసిపెట్టడమే నా ఉద్యోగం. ఏది ఎక్కడుందో కాగితం మీద లేకపోతే అది లేనట్టే అని నా నమ్మకం. ఇంట్లో మసాలా డబ్బాల మీద కూడా చీటీలు అంటించి ఉంటాయి. మా ఆయన ఈ విషయంలో నాతో వాదించడం ఎప్పుడో మానేశాడు.

మావయ్యకు ఒక్కతే కూతురు. నాకంటే పెద్దది, నాకు వదిన అవుతుంది. గ్లవుజుల ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తుంది. మట్టి తొక్కడం, పిసకడం, సున్నం పూయడం, గీతలు దిద్దడం తల్లీకూతుళ్ల వంతు. సారె మీద మాత్రం ఆడవాళ్లు కూర్చోరు. అది మావయ్య పెట్టిన నియమం కాదు, తాతల నాటిది. దాన్ని గట్టిగా పట్టుకున్నది మాత్రం అత్తే. చివరి రెండేళ్లలో మావయ్యకు కుడి భుజం పడిపోయి చెయ్యి సరిగా లేవకపోతే, వదిన షిఫ్టు దిగి వచ్చి ఆయన కోసం సారె తిప్పేది. ఒక రోజు ఆయనే పక్కకు జరిగి, "కూకో" అన్నాడట. అత్త గుమ్మంలోంచి కేకలేసింది. "ఆడోళ్లు కూకోకూడదు కదా, నీకు తెల్దేటి?" మావయ్య తల తిప్పకుండానే, "కూకుంటే ఏటౌతాదో సూద్దాం" అన్నాడట. ఏమీ కాలేదు. అత్త మాత్రం రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు.

ఆ తర్వాత కొద్ది నెలలకే, ఒక ఉదయం కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే మావయ్య పోయాడు. ఏడాది తిరిగేదాకా సారె కదలకూడదని అత్త షెడ్డుకు తాళం వేసింది.

మూడో నెలలో ఒకావిడ వచ్చింది. తోటలో పుట్టి టౌనులో స్థిరపడిన మావాళ్లే. ఆవిడ పెళ్లికి అరివేణి మావయ్యే చేశాడు. ఇప్పుడు కూతురి పెళ్లి, మావయ్య సంవత్సరీకం దాటిన మూడు నెలలకు ముహూర్తం. కుండలు ఎవరైనా చేస్తారా అని అడగడానికి వచ్చింది. అత్త షెడ్డుకు వేసిన తాళం చూపించింది. ఆవిడ లేస్తూ, "పోనీలే పిన్నీ, స్టీలు బిందెలకి రంగేసి ఎట్టుకుంటాము. ఇప్పుడందరూ అలగే సేస్తన్నారు" అంది. మంచిగానే అంది పాపం. ఆ మాట అత్తకు ఎక్కడ తగిలిందో గాని, ఆవిడ కారు మలుపు తిరగకముందే వదినను పిలిచింది.

"నువ్వు సెయ్యగలవేటే?"

రెండు రోజులు మాట్లాడకుండా కూర్చున్న మనిషే ఈ మాట అడిగింది. వదిన ఫోన్‌లో నాకు ఇది చెబుతూ ఏడ్చింది. ఏడాది నిండగానే సారె ఎక్కుతుంది, తండ్రి షెడ్డులోనే, తండ్రి మట్టితోనే పెళ్లి కుండలు చేస్తుంది. అవి నిలిస్తే ఆ ఇంటికి మళ్లీ మేళం వస్తుంది. పగిలితే ఇక ఎవరూ రారు. ఇదంతా నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసీ, ఎవరినీ ఒక్క మాట అడగకుండా చేశాను.

నాకు తోచిన సాయం ఏమిటంటే, షెడ్డులో ఉన్నదంతా జాబితా రాయడం. ఒక శనివారం తెల్లవారే బయలుదేరి కారులో ఉత్తరానికి వచ్చాను. వదిన షిఫ్టులో ఉంది. అత్త తాళం చెవి నా చేతిలో పెట్టి క్లినిక్కుకు వెళ్లింది. షెడ్డులో ప్రతి వస్తువుకూ ఫొటో తీశాను, కొలిచాను, చీటీ అంటించాను. సారె, తిప్పే కర్ర, కుండను కొట్టి పల్చన చేసే చెక్క, లోపల ఆనించే గుండ్రటి రాయి. అన్నీ అయ్యాక పడమటి గోడ పైన, చెయ్యి అందని ఎత్తులో ఉన్న బల్ల మీద తొమ్మిది కుండలు కనిపించాయి. దుమ్ము పట్టి, బూడిద రంగులో ఉన్నాయి. నిచ్చెన వేసి ఒకటి దించి చూశాను. పచ్చికుండ. కాల్చనే లేదు.

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చెయ్యి పడిపోయి, ఆవం పేర్చే ఓపిక లేక, చేసినవి చేసినట్టే పైన పెట్టేశాడు కాబోలు అనుకున్నాను. ఒక వాన జల్లు లోపలికి కొట్టినా చాలు, కరిగి నేల మీద కారిపోతాయి. ఆయన చేతి పని అలా పోనిస్తానా? జాబితాలో "పచ్చికుండలు, తొమ్మిది, వెంటనే కాల్చాలి" అని రాసుకున్నాను. సంవత్సరీకం రోజున చుట్టాలందరూ వస్తారు కదా, అప్పుడు ఇంటికొకటి ఇస్తే అత్త ఎంత సంతోషిస్తుందో కదా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. క్లినిక్కు నుంచి వచ్చిన అత్తతో, "కొన్ని సామాన్లు శుభ్రం చేయించి తెస్తాను అత్తా" అంటే, "తీసుకెల్లు" అంది. ఏ సామానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. చెబితే ఇక సర్‌ప్రైజ్ ఏముంటుంది మరి.

దుప్పట్లలో చుట్టి, పసిపిల్లల్ని తీసుకెళ్లినట్టు నెమ్మదిగా నడిపి, వంతెన దాటి జార్జ్ టౌన్ తీసుకెళ్లాను. అక్కడ కింద కొట్టు, పైన ఇల్లు ఉండే ఒక పాత మేడలో, మట్టి పని నేర్పే చీనా అమ్మాయి దగ్గర కరెంటు కొలిమి ఉంది. ఆమె ఒక్కో కుండనూ వెలుతురులో తిప్పి చూసి, "ఇంత బాగా చేసినాయన వీటిని ఎందుకు కాల్చలేదు?" అని అడిగింది. ఒంట్లో బాగాలేక అన్నాను. "కాల్చాక మళ్లీ మట్టి కాదు, తెలుసుగా? నిజంగా కాల్చమంటారా?" అని మరోసారి అడిగింది. నేను నవ్వాను. కుండ అన్నాక కాల్చరా అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు మండుకొస్తుంది.

సంవత్సరీకం రోజున భోజనాలయ్యాక, హాల్లో చాప మీద తొమ్మిది కుండలూ వరసగా పెట్టి పైన గుడ్డ తీశాను. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. చుట్టాలందరూ ఆహా అన్నారు. ఒకాయన ఫొటోలు తీశాడు. అత్త మెల్లగా వచ్చి కూర్చుని, దగ్గరున్న కుండ మీద వేలి గణుపుతో కొట్టింది. అది ఖంగుమంది. ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

"బాగా కాలినాది" అంది.

అంతే అంది. వదిన మాత్రం కుండల వంక, నా వంక చూసి లేచి పెరట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. షెడ్డు తలుపు తీసి, పడమటి గోడ పైన ఖాళీ బల్లను చూసి, గడప మీద కూలబడింది.

"అవి కాల్చీడానికి కాదే" అంది. "అవి తోడు."

పెరుగు తోడేయడానికి నిన్నటి పెరుగు కొంచెం మిగుల్చుకుంటాం చూడండి, అలాగన్నమాట. కొత్త మట్టి లారీ వచ్చినప్పుడల్లా మావయ్య అందులోంచి మొదట చేసిన కుండల్ని కాల్చేవాడు కాదు. ఎండబెట్టి పైన పెట్టేవాడు. తర్వాతి లారీ వచ్చాక వాటిలో ఒకటో రెండో దించి, నీళ్లలో నానేసి, ఆ మట్టిని కొత్త మట్టిలో కలిపి తొక్కించేవాడు. ఆయన తండ్రీ అలాగే చేశాడు, ఆయన తాతా అలాగే చేశాడు. తోట గట్టున తవ్విన మొదటి మట్టి ఒక పిసరైనా ప్రతి కుండలో ఉంటూ వచ్చింది. ముద్దగా ఉంచితే తడి పట్టి పురుగు చేరుతుంది, కుండగా చేసి ఎండబెడితే ఎన్నేళ్లయినా ఉంటుంది, నీళ్లు తగిలితే చాలు విచ్చుకుంటుంది. అందుకని కుండలు. మావయ్య ఓపిక లేక వదిలేసినవి కావు. కూతురి కోసం దాచి పెట్టినవి.

"మరి నాకెందుకు చెప్పలేదు వదినా?" అని అడిగాను. ఇంతకంటే పనికిమాలిన ప్రశ్న నా జన్మలో అడగలేదు.

"నువ్వడిగినావేటి?" అంది వదిన.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. అత్త సాయంత్రం నాకు చేపల పులుసు వేసి అన్నం పెట్టి, "తినీసి ఎల్లు, దూరం ఎల్లాల" అంది. ఎనిమిది ఇళ్లవాళ్లు తలా ఒక కుండ సంతోషంగా పట్టుకెళ్లారు. నా వాటాకి వచ్చిన తొమ్మిదోది కారు వెనక సీట్లో ఉంది. హైవే మీద ఎక్కిన దగ్గర నుంచీ సిగ్గుతో ఏడుస్తూనే ఉన్నాను.

తర్వాతి శనివారం మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత వారమూ, ఆ పై వారమూ వెళ్లాను. సెలవు పెట్టి కూడా వెళ్లాను. మట్టి తవ్వుకునే పాత చోటు ఇప్పుడు ఇళ్ల కిందికి పోయింది. ఇటుకల బట్టీ ఆయన వేరే చోటు నుంచి లారీ మట్టి దింపాడు. చీర పైకి దోపుకుని, ఉదయం నుంచీ నేనూ అత్తా ఆ మట్టి తొక్కేవాళ్లం. వదిన సారె ఎక్కేది. లేవడం బాగానే లేచేవి. ఆరేసరికి మెడ దగ్గర వెంట్రుక వాసి బీట, దానికి చెక్క తగలగానే బీట కాస్తా నోరు తెరిచేది. ఒకటి, రెండు, ఏడు, పదకొండు. వదిన వాటిని గుంటలోకి విసిరేసేది. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి, స్నానం కూడా చేయకుండా వచ్చి సారె ముందు కూర్చునేది. కళ్ల కింద నల్లగా చారలు కట్టాయి.

నాకు చేతనైన వైద్యం నేనూ చేశాను. నెట్‌లో గంటలు గంటలు చదివాను. జార్జ్ టౌన్ అమ్మాయిని అడిగితే, పాత మట్టి కలిస్తే కొత్తదానికి జిగురు వస్తుందని, అందులో కంటికి కనబడని జీవాలేవో పని చేస్తాయని చెప్పింది. ఆమె దగ్గరే సంచుల్లో వచ్చే తయారు మట్టి కొని కారు నిండా వేసుకొచ్చాను. వెన్నలా ఉంది ఆ మట్టి. సారె మీద అందంగా లేచింది. సారె మీద నుంచి తీశాక తెరిచి ఉన్న అడుగును చెక్కతో కొట్టి మూయబోతే మాత్రం ఉన్నపళంగా చతికిలబడింది. వదిన చేతులు తుడుచుకుంటూ, "ఇది బొమ్మలకైతే బోలే లా, సరిపోతాది. కుండకి పనికిరాదు" అంది.

ముహూర్తానికి ఇంకా ఐదు వారాలుంది. పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది. అత్తే తీసింది. "సేస్తన్నాము అమ్మా, బాగా వస్తన్నాయి" అని చెప్పి ఫోన్ పెట్టేసింది. నేనూ వదినా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్త అబద్ధం ఆడగా నేను వినడం అదే మొదలు.

ఫోన్ పెట్టేసి అత్త తన గదిలోకి వెళ్లింది. బీరువా తలుపు కిర్రుమంది. వచ్చేటప్పుడు రెండు చేతుల్లో, మావయ్య లుంగీలో చుట్టిన మూట ఉంది. షెడ్డులో పీట మీద పెట్టి ముడి విప్పింది.

ఒక పచ్చికుండ. అడుగు ఇంకా మూయలేదు. సారె మీద నుంచి కోసి తీశాక, మర్నాడు చెక్కతో కొట్టి అడుగు మూయాలని ఆరబెట్టినది. ఆ మర్నాడే ఆయన పోయాడు. ఇంటి నిండా జనం ఉండగా, ఎవరి కాలైనా తగులుతుందేమోనని అత్త దాన్ని తెచ్చి తన చీరల మధ్య దాచుకుంది. ఏడాదిగా వదినకు కూడా తెలియదు. భుజం లేవని చేత్తో చేసింది కదా, ఒక పక్కకు కొంచెం ఒరిగి ఉంది. లోపల ఆయన వేళ్ల గీతలు అడుగు నుంచి మెడ దాకా చుట్లు చుట్లుగా ఉన్నాయి.

అత్త ఏం చేయబోతోందో నాకు వెంటనే అర్థమైంది. 

"వద్దత్తా. వేరే ఏదైనా చూద్దాం. అదొక్కటే కదా మిగిలింది."

"ఒక్కటే మిగిలినాది. అందుకే కదా" అంది అత్త.

నావల్లే ఒక్కటి మిగిలిందని ఆమె అనలేదు. అనకపోయినా నాకు వినబడింది. నేను తొమ్మిదింటిని కాల్చకపోయి ఉంటే, ఆమె దీన్ని బీరువాలోంచి తీయాల్సిన పనే ఉండేది కాదు.

వదిన కూడా వద్దంది. "నాను ఈ మట్టితోనే ఎలాగోలా సేస్తాను. అది ఒగ్గీయమ్మా."

"రోజూ తీసి సూసుకుంటన్నాను" అంది అత్త. "పొద్దున్న ఒకసారి, పడుకునేముందు ఒకసారి. ఏడాది సూసుకున్నాను, సాలు. మీ నాన్న బీరువాలో ఎట్టుకోడానికి సేసినాడేటి దీన్ని?" తర్వాత నా వైపు తిరిగి, నా బాధ తెలిసినదానిలా, "ఫొటోలు తీసుకుంటావేటే? తీసుకో" అంది.

తీశాను. పై నుంచి, కింద నుంచి, ప్రతి వైపు నుంచీ, పక్కన స్కేలు పెట్టి మరీ తీశాను. సగం మసకగా వస్తే మళ్లీ తీశాను. అత్త ఓపిగ్గా కూర్చుని, నేను చెప్పినప్పుడల్లా కుండను కొంచెం కొంచెం తిప్పింది.

"అయిపోయినాదా?"

అయిపోయిందన్నాను. ఆమె కుండను ప్లాస్టిక్ తొట్టిలో దింపి, వేళ్లు ఒకసారి లోపలి గీతల మీద తిప్పి, చెంబుతో నీళ్లు పోసింది. ఆ చప్పుడు నేను మరిచిపోలేను. చిటపటమని సన్నగా, నీళ్లలోంచి బుడగలు వచ్చాయి. మెడ ముందు జారింది. తర్వాత ఒరిగిన పక్క టీలో ముంచిన బిస్కట్టులా మెత్తబడి కిందికి దిగింది. అత్త రెండో పక్కకు అరచెయ్యి ఆనించి, అది కూర్చునేదాకా అలా పట్టుకునే ఉంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తొట్టిలో బూడిద రంగు బురద మిగిలింది. వదిన మొహం రెండు చేతుల్లో దాచుకుంది. అత్త ఏడవలేదు. చెయ్యి బయటికి తీసి, ఆ తడి చేత్తోనే కూతురి తల నిమిరింది. జుట్టుకు మట్టి అంటుకుంది.

"లే. కలుపుదాం" అంది.

ముగ్గురం కలిపాం. మధ్యాహ్నమంతా తొక్కాం. తడి గోనెలు కప్పి రెండు వారాలు ముట్టకుండా ఉంచాం. తోడు తోడే పని చేసిందో, ఇన్నాళ్లూ పగలగొట్టి పగలగొట్టి వదిన చేతికే పదును వచ్చిందో నేను చెప్పలేను. పాత మట్టి గుప్పెడు, కొత్త మట్టి గుట్ట. లెక్క ప్రకారం చూస్తే నమ్మబుద్ధి కాదు. గోనె తీసినప్పుడు మాత్రం గుంటలోంచి నా చిన్నప్పటి వాసన వచ్చింది. వాన వెలిసిన తోటలో అడుగుపెట్టినప్పటి వాసన. మొదటి కుండ మెడ పగలలేదు. రెండోదీ పగలలేదు. చెక్క దెబ్బలకు అడుగు మూసుకుంది. వదిన ఆ మొదటి కుండను ఎండబెట్టి, నిచ్చెన ఎక్కి పడమటి బల్ల మీద పెట్టి, దిగుతూ నాతో, "గుమస్తా, దానికి సెయ్యెట్టకు" అంది. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు లేరని ఏడాదిగా అనుకుంటున్నాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆవం కాల్చడానికి రబ్బరు కట్టె తెప్పించాం. పొద్దున్న అంటించి మధ్యాహ్నం దాకా మంట పెట్టింది వదిన. మర్నాడు విప్పితే పెద్దవి రెండూ, చిన్నవి ఐదూ బాగా వచ్చాయి. ఒక మూకుడు మాత్రం విరిగింది. సున్నం పూశాం. గీతలు అత్త దిద్దింది.

పెళ్లి ముందు రోజు మేళం వచ్చింది. నాదస్వరం, తవిలు డోలు, వెనకాల రెండు వ్యాన్ల నిండా జనం, పట్టుచీరలు. వదిన తలంటుకుని, నూలు చీర కట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది. గోళ్ల సందుల్లో మట్టి ఎంత రుద్దినా పోలేదు. అత్త కాఫీ కాచి, ముగ్గు నా చేత పెట్టించి, తాను వెళ్లి ఆవం వెనక నిలబడింది. భర్త పోయిన మనిషి శుభకార్యానికి ఎదురు రాకూడదని. నేను రమ్మన్నాను, కోప్పడ్డాను కూడా. "ఈడనుంచి కనపడతాది కదే, ఊరుకో" అంది.

పెళ్లికూతురి తల్లి పళ్లెం పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. బియ్యం, పసుపు, తాంబూలం, వాటి మీద మడత పెట్టిన కొత్త బట్ట. కుండల్ని చూసి ఆవిడ మొహం వెలిగింది. తర్వాత చేతిలోని పళ్లెం చూసుకుని ఆగిపోయింది. ఆ బట్ట పంచె. జరీ అంచు పంచె. ఇన్నేళ్లూ ప్రతి పెళ్లికీ ఈ ఇంటికి తెచ్చింది పంచే కాబట్టి, ఎవరూ ఆలోచించలేదు. చీర తేవాలని ఎవరికీ తోచలేదు.

"అలవాటుగా తెచ్చీసినాము" అందావిడ, సిగ్గుపడిపోతూ. "ఇప్పుడిది ఎవులికియ్యాల?"

 మేళం ఆగింది. వదిన తల దించుకుని, వెనక్కి ఒక అడుగు వేసింది. ఆ ఒక్క అడుగుతో అంతా పోయేలా ఉందని నాకు భయం వేసింది. 

ఆవం వెనక నుంచి అత్త వచ్చింది. జనం మధ్య నుంచి, ఎవరినీ తప్పుకోమనకుండా నడిచి వచ్చి, వదిన భుజం పట్టుకుని సారె ముందు మావయ్య పీట మీద కూర్చోబెట్టింది. కొంగు సర్దింది.

"పంచే ఇయ్యమ్మా" అంది పెళ్లికూతురి తల్లితో. "ఈ ఇంట్లో కుమ్మరికిచ్చేది పంచే. ఇదిగో, సారె కాడ కూకున్నాది."

ఆవిడ వంగి పళ్లెం అందించింది. వదిన పంచె తీసి కళ్లకద్దుకుని భుజం మీద వేసుకుంది. మొదటి కుండ రెండు చేతులా ఎత్తి ఇచ్చింది. మేళం మళ్లీ మొదలైంది. అత్త మళ్లీ ఆవం వెనక్కి వెళ్లలేదు, కుండలన్నీ వాకిలి దాటేదాకా కూతురి పక్కనే నిలబడింది.